దిగే దారిలో నాయన

మొన్న ధనుర్మాసం చలిలో మా అల్లుడు కారు అడుగుభాగాలకు తుప్పు పట్టకుండా పూత వేయించడానికి తిరుపతిలో ఒక షెడ్డులో ఇస్తే, మధ్యాహ్నానికల్లా బండి తీసుకెళ్ళవచ్చని ఫోనుకు కబురు వచ్చింది. అల్లుడు సంబరపడ్డాడు. నేను మాత్రం చలికాలంలో ఆ పూత అంత తొందరగా ఆరుతుందంటే నమ్మేదాన్ని కాను.

మా నాయనకూ తిరుపతిలోనే షెడ్డు, ఆ పనే బతుకు. తారులా నల్లగా ఉండే ఆ పూత చలికి డబ్బాలోనే బిగుసుకుపోయేది, దాన్ని వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించాల్సిందే. అమ్మ స్నానాలకు కాచిన నీళ్ళలో సగం దానికే పోతే, మేము పళ్ళు టకటకలాడిస్తూ చన్నీళ్ళు పోసుకునేవాళ్ళం. పూసే ముందు నాలుగు చక్రాల బ్రేకులకూ పాత గుడ్డలు చుట్టడం, ఆరాక విప్పడం మా మేనమామ వంతు. బ్రేకు మీద పూత పడితే సాపు రోడ్డులో తెలియదనీ, ఘాట్ దిగేటప్పుడు వేడికి కరిగి బ్రేకు జారుతుందనీ నాయన రోజూ చెప్పేవాడు.

ఒకసారి గూడూరు నిమ్మకాయల వ్యాపారి ఒకాయన ఇంటిల్లిపాదితో కొండకు పోతూ, ఆరడానికి ఇంకో రోజు కావాలని నాయన మొత్తుకున్నా వినకుండా పొద్దున్నే కారు తీసుకుపోయాడు. మామ హడావిడిగా గుడ్డలు విప్పేంతవరకూ వాళ్ళ చంటిబిడ్డను ఎత్తుకున్నది నేనే. కారు పోయాక నాయన నేల మీది గుడ్డలు ఏరితే మూడే ఉన్నాయి. షెడ్డంతా వెదికినాం, నాలుగోది దొరకలేదు. చేతిలో ఫోన్లు లేని కాలమని మన తరంవాళ్ళకు వేరే చెప్పాలా? తిరుమలకు ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు గనక, ఆ దిగే దారి మొదట్లోనే కారును ఆపాలని నాయన బస్సుకు పరుగెత్తాడు. అన్నమన్నా తినిపొమ్మని అమ్మ అడ్డం పోయింది.

"ఆ కార్లో పసిబిడ్డ ఉండాది. దిగకముందే ఆపల్ల," అన్నాడు.

ఆ పగలంతా అమ్మ పొయ్యి వెలిగించలేదు. కొండ దిగివచ్చిన ప్రతి బస్సు డ్రైవరునూ దారిలో ఏమైనా జరిగిందా అని అడిగి రమ్మని మామను పంపుతూనే ఉంది. నాకైతే ఆ బిడ్డ బరువు ఇంకా చేతుల్లోనే ఉన్నట్టుండింది.

దీపాలు పెట్టే వేళకు నాయన వచ్చాడు, మంచుకు తడిసిన చొక్కాతో. దిగే దారి మొదట్లోనే కారును ఆపి చక్రం విప్పితే గుడ్డ బ్రేకుకే చుట్టుకుని, అంచులు మాడి, నల్లగా ఉందట. అక్కడే తీసి, పెట్రోలుతో తుడిచి, తానూ ముందు సీట్లో కూర్చుని వాళ్ళతో కిందికి దిగాడట. అది విని అమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బాగుచేశాక వాళ్ళ దారిన పంపక, నువ్వెందుకు ఎక్కాలని నిలదీసింది.

"బ్రేకు పడతాదని నేను సెప్తే సాలునా? నేనూ కూర్సోవల్ల గదా," అన్నాడు నాయన.

ఇప్పుడు యంత్రాలు వేడిగాలి ఊది పూత ఆరబెడతాయట. పూసిన మనిషి ముఖం కూడా మనకు కనబడదు. పని బాగానే చేస్తున్నారేమో, కాదనను. అయినా అల్లుడి కార్లో ఘాట్ దిగేటప్పుడు ప్రతి మలుపులోనూ ముందుకు వంగి చూస్తాను. ముందు సీట్లో కూర్చోవడానికి మా నాయన లేడు.