దిగుడు బావిలో పెట్టిన కాలు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఎండలు ముదిరాయంటే బడి సగం ఖాళీ అయ్యేది. సెలవులిచ్చి కాదు. పిల్లల కాళ్లలోంచి నారిపురుగులు బయటికొచ్చే కాలం అది. ఇప్పటి పిల్లలకు చెబితే మొహం అదోలా పెడతారు. మా మనవరాలైతే అన్నాల దగ్గర ఆ మాట ఎత్తొద్దని నాకు కట్టడి చేసింది. ఏం చేయను, నా చదువు సంగతి చెప్పాలంటే ఆ పురుగు నుంచే మొదలుపెట్టాలి.

ముందు నిప్పు పెట్టినట్టు మండి కాలి మీద బొబ్బ లేస్తుంది. అది చితికితే తెల్లటి దారంలా పురుగు తల కనిపిస్తుంది. దాన్ని లాగకూడదు. చీపురు పుల్లకు మెల్లగా చుట్టి, ఆ రోజు ఎంత వస్తే అంతటితో ఆపి, కట్టు కట్టి మర్నాటి దాకా ఓపిక పట్టాలి. మూరెడు పైన పొడవుంటుంది మరి. మా అవ్వ, అంటే మమ్మల్ని కన్న తల్లి, ఆ పనిలో చెయ్యి తిరిగినది. ఎవరింట్లో నారి లేచినా ఆమెకే కబురొచ్చేది.

ఆ మంటకు మాకు తెలిసిన మందు ఒక్కటే. దిగుడు బావి మెట్లు దిగి చల్లటి నీళ్లలో కాలు పెట్టుకుని కూర్చోవడం. ప్రాణం లేచొచ్చేది. పురుగు కూడా తొందరగా బయటపడేది. ఊరు తాగేదీ ఆ బావి నీళ్లే. నా ఏడో ఏట నారి లేచినప్పుడు పదిహేను రోజులు బడి ఎగ్గొట్టి ఆ మెట్ల మీదే గడిపాను. నీళ్లకొచ్చిన ఆడవాళ్లు "జర జరుగు బిడ్డా, కడవ ముంచుకుంట" అనేవారే గాని, కాలు తీయమని ఒక్కరూ అనలేదు.

మా అన్న నాకంటే రెండేళ్లు పెద్ద. చదువంటే ఆయనదే. ఉర్దూ బడి మాది. ఇంట్లో ఎవరికీ ఉర్దూ ముక్క రాదు. అయినా పంతులు ఒక్కసారి చెబితే చాలు, అన్నకు వచ్చేసేది. నేనూ ఉన్నాను, ఎందుకు, పలక మోయడానికి! తరువాతి ఏడు అన్న నాలుగో జమాత్, అంటే నాలుగో తరగతి, పరీక్ష రాయడానికి రెండు కోసుల దూరంలో ఉన్న ఎల్లారెడ్డికి వెళ్లాలి. గెలిస్తే కామారెడ్డి పెద్ద బడిలో చేరవచ్చు. మా ఊరి నుంచి అంతవరకు ఎవరూ అక్కడిదాకా పోలేదు. అన్న పోతాడని పంతులు ఊరంతా చెప్పుకున్నాడు.

పరీక్ష ఎనిమిది రోజులుందనగా అన్న మోకాలి కింద బొబ్బ లేచింది.

"ఎన్నొద్దులు పడ్తదే అవ్వా?" అని అడిగాడు.

"పదిహేనొద్దులన్న పట్టదా బిడ్డా. గది ఎల్లినప్పుడే ఎల్తది. మనం తొందరపడితె ఆగమైతది."

ఐదు రోజులు ఓపిక పట్టాడు. ఆరో రోజు అవ్వ చేనుకు పోయిన వేళ, పళ్లు బిగించి తానే లాగాడు. పురుగు తెగింది. తెగిన ముక్క లోపలికి పోయింది. పొద్దు వాలేసరికి కాలు తొడ దాకా ఉబ్బి ఒళ్లు కాలిపోయింది. పరీక్ష నాడు మా బాపు, అంటే నాన్న, బండిలో గడ్డి పరిచి ఎడ్లను కట్టాడు గాని, అన్న మనుషులను గుర్తుపట్టే స్థితిలో లేడు. బాపు ఎడ్లను విప్పేసి అరుగు మీద కూర్చున్నాడు.

పంతులు ఒక్కడే ఎల్లారెడ్డికి నడిచిపోయాడు. పరీక్ష మరొక రోజు పెట్టమని బతిమాలాడట. కుదరదన్నారు. అక్కడి దవాఖానలో అన్న కాలికి మందు అడిగితే, డాక్టరు మందుతోపాటు ఒక సంగతి చెప్పాడు.

మర్నాడు బడిలో పంతులు ఒక ఖాళీ మందు సీసా కడిగి, బావి నీళ్లు నింపి ఎండకు పట్టాడు. తెల్లటి చుక్కలు, ఆవగింజలో సగం కూడా ఉండవు, నీళ్లలో ఎగిరెగిరి పడుతున్నాయి. అన్నేళ్లు తాగిన నీళ్లే, మాకెవరికీ అవి కనిపించలేదు.

"నారి లేసిన కాలు నీళ్లల్ల పెడితె దాని పిల్లలు నీళ్లల్ల పడ్తయట. గీ చుక్కలు వాటిని మింగుతయి. గా నీళ్లు మనం తాగితె, ఏడాదికి మన కాళ్లల్లకెల్లి ఎల్తయి."

ఏడాది అన్న మాట దగ్గర నేను లెక్క కట్టుకున్నాను. సరిగ్గా ఏడాది కింద పదిహేను రోజులు ఆ మెట్ల మీద కూర్చున్నది నేను. పిల్లలంతా పోయాక పంతులు దగ్గర బోరుమన్నాను.

ఆయన సీసా కింద పెట్టాడు. "ఊరంత పెట్టిండ్రు కాళ్లు. నేను సుత పెట్టిన. నీ ఒక్కనిదే అని ఎట్లంటవు?" అన్నాడు. తర్వాత నా తల మీద చెయ్యి వేసి, "నీది కాదని సుత నేను చెప్పలేను బిడ్డా. ఇంక పెట్టకు. వడగట్టుకొని తాగు. నా చేతుల గింతే ఉన్నది" అన్నాడు.

అబద్ధమాడి ఓదార్చి ఉంటే అప్పటికి ఏడుపు ఆగేదేమో.

సీసా పట్టుకుని ఆయన ఊరి పెద్దల దగ్గరికీ పోయాడు. తాతల కాలం నుంచి తాగుతున్న నీళ్లకు వంక పెడతావా అని కసిరి పంపించారు. నేను మాత్రం పాత ధోవతి ముక్కతో వడగట్టుకున్నాను. అవ్వ నాలుగు రోజులు గొణిగి, చివరకు తానే కడవ మూతికి బట్ట కట్టింది. మా ఇంట్లో మళ్లీ ఎవరికీ నారి లేవలేదు. అన్నకు దానివల్ల ఏం లాభం? ఆయన మోకాలు వంగిందే గాని మళ్లీ తిన్నగా సాగలేదు. "గీ కాలుతోని పొల్లగాన్ని కామారెడ్డికి ఎట్ల తోలాలె? ఎవలు జూస్తరు ఆడ?" అని బాపు చదువు మాన్పించాడు.

రెండేళ్లకు ఆ పరీక్ష నేను రాసి గెలిచాను. కామారెడ్డి మోటారు ఎక్కించడానికి ఎల్లారెడ్డి దాకా బండి తోలింది అన్నే. దారిలో నవ్వుతూ అన్నాడు: "మంచిగ సదువు తమ్మీ. కాలు మంచిగుంటె నేను పోతుంటి గని, నా నసీబ్ల లేదు."

నసీబు కాదన్నా అని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పకుండానే మోటారెక్కాను. మోటారు కదిలేదాకా ఆయన వంకర కాలి మీదే నిలబడి చెయ్యి ఊపుతూ ఉన్నాడు.

తర్వాత నేను చాలా చదివాను, ఎందరికో చదువు చెప్పాను. అన్న బతికినన్నాళ్లూ తన సంగతి వస్తే నసీబనే అన్నాడు. ఆయన పోయి పన్నెండేళ్లయింది. చెప్పాల్సిన ఆ ఒక్క మాట ఇంకా నా దగ్గరే ఉంది.