బూడిద గుమ్మడికాయ మీద గీతలు

బూడిద గుమ్మడికాయ ఇప్పటికీ నేను తినను. హోటల్లో సాంబారులో తెల్లటి ముక్క తేలితే పక్కకు తోసేస్తాను. మా ఆవిడ దీన్ని కొవ్వు అంటుంది. మూడేళ్ళు దినం తప్పకుండా రెండు పూటలా ఆ కూటే తిన్నవాడికి ఆ మాత్రం కొవ్వు ఉండొచ్చని నేనంటాను.

మాది తిరుత్తణి. కొండ మెట్ల దారి మొదలయ్యే చోటికి కాస్త ఇవతల ఒక తాటాకు పందిరి ఉండేది. దాని కింద మా వాళ్ళు ఏడెనిమిది మంది వరుసగా పీటలు వేసుకుని, మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్ళకు గుండ్లు గీసేవాళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్కో పీట. తండ్రి లేస్తే కొడుకు కూర్చోవాలి. కొడుకు చెయ్యి కుదరలేదంటే పీట ఇంకో ఇంటికి పోతుంది. కుదిరిందీ లేనిదీ చెప్పేది మొదటి పీట మీద కూర్చునే పెద్దాయన, నాకు వరసకు మామ. పెద్దవాళ్ళ తలలు ఎవరైనా గీస్తారు. పసిబిడ్డల పుట్టెంటికలు తీయగలిగినవాడిదే చెయ్యి అని మాలో లెక్క.

మా నాయనది అలాంటి చెయ్యి. ఆయన పీట మీద ఏ బిడ్డకూ నెత్తురు చుక్క కనిపించలేదని పందిరి కింద గొప్పగా చెప్పుకునేవాళ్ళు. రైలు దిగిన జనం నేరుగా వచ్చి, ఫలానా ఆయన యాడ కూర్చుంటాడని అడిగేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా నాయన తల వంచుకుని కత్తి తోలు పట్టీకి రాసుకునేవాడు. లోపల ఎంత పొంగేవాడో చెవులు ఎర్రబడడం చూస్తే తెలిసేది.

డెబ్బైల నడుమ నేను ఎస్సెస్సెల్సీ తప్పాను. ఫలితాలు వచ్చిన మరుసటి పొద్దున నాయన నా ఒళ్ళో పాతగుడ్డ పరిచి, దాని మీద ఒక బూడిద గుమ్మడికాయ పెట్టాడు. చేతికి మడత కత్తి ఇచ్చాడు. కాయ మీది తెల్ల బూడిద అంతా పోవాలి, కింద పచ్చ తోలు మీద గీత పడకూడదు. అదీ పని. విన్నప్పుడు నవ్వొచ్చింది. కత్తి పెట్టగానే నవ్వు పోయింది. గీత పడినచోట కాసేపటికి సన్నగా నీరు ఊరుతుంది, దాచడానికి వీల్లేదు. నాయన సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకముందే కాయను వెలుతురులో తిప్పి చూసేవాడు. తిట్టేవాడు కాదు. గీతలు ఎన్నున్నాయో వేలు పెట్టి చూపించి, రేపు ఇంకోటి తెస్తానని లోపలికి పోయేవాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పనిలేని మంగలి పిల్లి తల గొరిగాడట అన్నది వీధిలో వాళ్ళకు ఎప్పుడూ నోట్లో ఉండే సామెతే. పిల్లి దొరకలేదా అబ్బాయా, కాయ మీద పడ్డావు అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి, కానీ ఒళ్ళు మండేది. బూడిద ముక్కులోకి పోయి తుమ్మొచ్చేది. తుమ్మితే గీత. కాళ్ళు తిమ్మిరెక్కి కదిలితే గీత. ఏడాది తిరిగేసరికి ముదురు కాయ మీద నాకు గీత పడడం మానేసింది. అప్పుడు లేత కాయలు తెచ్చాడు. లేత కాయకు బూడిద ఉండదు, నూగు ఉంటుంది. తోలు ఎంత పలచన అంటే గోరు తగిలినా చార పడుతుంది. పసిబిడ్డ మాడు ఇట్లే ఉంటాదిరా అన్నాడు. దానికి ఇంకో ఏడాది పట్టింది.

గీసిన కాయలన్నీ అమ్మ వంటకే. పారేస్తే ఆమె ఊరుకోదు. కూటు, పులుసు, వడియాలు. మా ఇంటికి చుట్టాలు రావడం తగ్గించారని అమ్మ అనేది, అది నిజమే కావచ్చు.

మూడో ఏడు నాయన పని మార్చాడు. కత్తి ఆయన పట్టుకుంటాడు, కదిలించడు. ఎడమ చేత్తో కాయను కత్తి కింద నేను తిప్పాలి. బిడ్డ ఎట్లాగూ కదులుతుంది, ఆ కదలికను నీ ఎడమచెయ్యి ముందుగా కనిపెట్టకపోతే కుడిచేతిలో ఎంత పనితనం ఉన్నా దండగ అనేవాడు. మాట సరైనదే. ఇన్నేళ్ళ తర్వాత కూడా అంతకు మించిన పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. కాని గీతలు మళ్ళీ మొదలయ్యాయి. పోయాయనుకున్న గీతలే, సన్నగా, వంకరగా, చీమ నడిచిన జాడలా. నాయన వాటిని చూసి, ఎడమ చెయ్యి ఇంకా రాలేదు, మామకు చూపించడానికి ఇంకో ఏడాది పడుతుంది అన్నాడు.

అప్పటినుంచి ఆయన పందిరికి పోయాక ఎడమచేతికి వేరేగా పని పెట్టుకున్నాను. నిండు చెంబును అరచేతిలో పెట్టుకుని చుక్క తొణక్కుండా తిప్పేవాణ్ణి. కత్తిని కిటికీ చట్రంలో బిగించి, కాయను రెండు చేతులతో కాక ఒక్క ఎడమచేత్తో దాని కింద తిప్పేవాణ్ణి. కిటికీలో కత్తి పెట్టి తిప్పితే గీత లేదు. సాయంత్రం నాయన పట్టుకుంటే గీత. ఆయన ముందు నాకు భయమని, భయానికి చెయ్యి బిగుస్తోందని అనుకున్నాను. నాలుగు నెలలు అట్లే అనుకుంటూ, లేని తప్పు దిద్దుకుంటూ కూర్చున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ కత్తిపీట ముందు కూర్చుని కాయ చెక్కు తీస్తోంది. నన్ను పిలిచింది. చెక్కు తీసిన ముక్కలు రెండు కుప్పలుగా పెట్టి ఉన్నాయి.

"నువ్వొక్కడే గీసిన కాయికి గీత ఉండదు. ఇద్దరూ కలిసి గీసిన కాయికే ఉంటాది," అంది. "రెండు నెల్లుగా చూస్తా ఉండాను."

అంతే చెప్పి మళ్ళీ చెక్కు తీసుకోవడంలో పడిపోయింది. ఆ సాయంత్రం నేను కాయ వైపు చూడలేదు. నాయన చేతి వైపు చూశాను. మోచెయ్యి మోకాలి మీద గట్టిగా ఆనించి ఉంది. ఎప్పుడూ అట్లా ఆనించేవాడు కాదు. బొటనవేలి దగ్గర కత్తి పిడి ఉండీ ఉండీ ఒకసారి అదురుతోంది. కాఫీ లోటా రెండు చేతులతో ఎందుకు పట్టుకుంటున్నాడో, పందిరి కింద పసిబిడ్డలు వస్తే కడుపులో నొప్పని పక్క పీటకు ఎందుకు పంపుతున్నాడో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

నేను చెప్పలేదు. ఆ మాట ఎవరి నోటితో చెప్పాలి? అమ్మా చెప్పలేదు. ఆయనకు తెలుసో తెలీదో కూడా ఈరోజుకీ నాకు తేలలేదు. గీతలు కొడుకువే అని ఆయన నిజంగా నమ్మి ఉండొచ్చు. మనిషి తన చెయ్యి తనను మోసం చేస్తోందని ఒప్పుకోవడం కన్నా కొడుక్కి చేతకాదని నమ్మడం తేలిక.

అంతలో అక్క కొడుక్కి పుట్టెంటికలు తీసే రోజు వచ్చింది. అక్కను కడంబత్తూరికి ఇచ్చాం. ఆమె అత్తగారిది పెరియపాళయం అమ్మవారి మొక్కు. బిడ్డ తల అక్కడే ఇవ్వాలని ఆమె పట్టు. అక్క ఏడ్చి, అలిగి, మా నాయన చేతి కిందే నా బిడ్డ తల వంచుతానని తిరుత్తణికి ఒప్పించుకుంది. ఆ సంగతి నాయనకు వచ్చి చెప్పినప్పుడు ఆయన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

నేనే గీస్తాను అనడానికి దారి లేదు. మాలో పుట్టెంటికలు తీసేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. ఉన్న ఒక్క మేనమామను నేను. ఒడి నాదైతే కత్తి నాది కాదు. మొదటి పీట మామను గీయమని అడుగుదామని అమ్మ ఒకసారి మెల్లగా అంది. సొంత మనవడి తల ఇంకొకడి చేతికి ఎందుకు ఇచ్చాడని పీటల వరుసంతా అడుగుతుంది. నాయన అన్నం ముందునుంచి లేచిపోయాడు.

ఆ పొద్దున పందిరికి నడుస్తుంటే నాయన నా వైపు చూడకుండా అన్నాడు:

"కత్తి నేను కదిలించను. తల తిప్పేది నువ్వు. కాయ అనుకో."

అంటే తన చెయ్యి సంగతి ఆయనకు తెలుసు. ఆ క్షణంలో నాకు అట్లే అనిపించింది. నాయనా వద్దు అని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. నోరు రాలేదు. ఇప్పుడు తలచుకున్నా సిగ్గేసేది కత్తికి కాదు, ఆ నోటికి.

పందిరి కింద అక్క అత్తవారి వైపు జనం చుట్టూ నిలబడ్డారు. మామ తన పని ఆపి మరీ చూస్తున్నాడు. నేను ముందు కుచ్చు కత్తిరించాను, అది మేనమామ హక్కు. తర్వాత బిడ్డను ఒళ్ళో అదిమిపట్టుకున్నాను. ఏడుస్తున్నాడు. మూడేళ్ళ సాధన నా ఎడమచేతిలోకి వచ్చింది. వాడు ఏ వైపు గుంజుకుంటాడో గుంజుకోకముందే నాకు తెలుస్తోంది. నాయన మోచెయ్యి మోకాలికి ఆనించి కత్తి నిలిపాడు. నేను తలను దాని కింద నడిపించాను. నుదుటి మీది వెంట్రుకలు పోయాయి, మాడు దాటింది, వెనకభాగం అయిపోయింది. కాయ మీద ఎప్పుడూ అంత బాగా చెయ్యలేదు. కుడివైపు అయింది. ఎడమ చెవి మీద ఇంత జాగా మిగిలింది.

అక్కడ తల కదల్లేదు. నా అరచేతిలో ఉన్న తల అది, నాకు తెలియకుండా ఎలా కదులుతుంది? పిడి అదిరింది. గోరంత కోత. పసివాళ్ళ తలకు నెత్తురు ఎంత కారుతుందో చూసినవాళ్ళకే తెలుసు. నా పంచె, చెయ్యి, వాడి చెవి అంతా ఎరుపు. అక్క అత్తగారు పెరియపాళయం తల్లీ అని గుండె బాదుకుంది. అక్క మాత్రం నాయన చేతి వైపే చూస్తోంది.

తప్పు నా మీద వేసుకుందామని అప్పటికే నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా, నేనే కదిలించాను అనడానికే తెరిచాను. నాయన నాకంటే ముందే అనేశాడు.

"తల కదిలించినాడు. వీనికి చెయ్యి ఇంకా కుదర్లా."

నేను ఇవ్వబోయిందాన్ని ఆయన లాక్కున్నాడు. రెంటికీ తేడా ఏముంది, చివరికి మాట ఒకటే కదా అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. తేడా ఉంది. ఇచ్చి ఉంటే ఆయన మీద జాలి మిగిలేది. లాక్కున్నాక చాలాకాలం కోపమే మిగిలింది.

మామ పటిక రాసి నెత్తురు ఆపి, మిగిలిన జాగా తనే గీశాడు. సాయంత్రం ఇంటికొచ్చి, పసిపిల్లల జోలికి వీణ్ణి ఇప్పుడే రానివ్వద్దు అని నాయనకే చెప్పి పోయాడు. నాయన తల ఊపాడు. మరుసటి పొద్దున నా ముందు ముదురు గుమ్మడికాయ పెట్టి, మొదట్నుంచి మొదలుపెట్టమన్నాడు. నేను పెట్టాను. ఎందుకంటే ఎదురు చెప్పి గెలిస్తే ఆయన దగ్గర ఇంకేం మిగలదు. రెండు నెలలు, గీత లేని కాయలు సాయంత్రానికి ఆయన చేతిలో పెట్టాను. ఆయన ఒక్కటీ వెలుతురులో పట్టుకుని చూడలేదు.

ఆర్నెల్లకు పెద్దవాళ్ళ తలల మీద కూడా గాట్లు పడసాగాయి. నాయన పీట దిగాడు. పీట మా ఇంటికి దక్కలేదు. నేను తిరువళ్ళూరులో ఒక సెలూన్‌లో కుదిరాను. ఎనభైల్లో కుర్రాళ్ళు చెవులు కప్పేలా జుట్టు పెంచేవాళ్ళు, దాన్ని దువ్వి చివర్లు కత్తిరిస్తే చాలు. నా ఎడమచేతితో అక్కడ ఎవరికీ పని లేదు.

నెలకోసారి ఇంటికి పోయేవాణ్ణి. పోయినప్పుడల్లా గుమ్మడికాయ కూటే. ఎవరు గీస్తున్నారని అమ్మను అడగాల్సిన పని లేకపోయింది. కత్తిపీట పక్కన చెక్కు చూస్తే చాలు, గీతలు కాదు, లోతుగా గాట్లు. నేను పోయినప్పటినుంచి నాయన దినమూ కాయ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటున్నాడు. చేతికి పళక్కం తప్పింది, మళ్ళీ ఆ అలవాటు రావల్ల అంటాడట. సాధన చేస్తే చెయ్యి కుదురుతుందని నాకు నేర్పినవాడు, తన చెయ్యి సాధనకు లొంగదని చివరిదాకా ఒప్పుకోలేదు. ఐదేళ్ళు గీశాడు. నెలనెలకూ గాట్లు లోతు పెరిగాయే గాని తగ్గలేదు.

ఆయన పోయినప్పుడు కబురు సెలూన్‌కి వచ్చింది. మాలో చనిపోయిన మగవాడికి చివరి క్షవరం చేశాకే నీళ్ళు పోస్తారు. పందిరి వాళ్ళందరూ వచ్చి ఉన్నారు, ఎవరైనా చేసేవాళ్ళే. నేను చేస్తానన్నాను. తల ఎడమచేతిలోకి తీసుకున్నాను. తేలిగ్గా ఉంది. కత్తి నిలిపి తలను తిప్పాను, ఆయన నేర్పినట్టే. గడ్డం, తల, చెవుల వెనక. ఎక్కడా ఒక్క గీత లేదు.

మామ అంతసేపూ పక్కనే నిలబడి చూశాడు. మా అక్క, చెవి మీద వెంట్రుకలు మొలవని చారతో ఆరేళ్ళ మేనల్లుడు గోడ దగ్గర ఉన్నారు. కత్తి తుడుస్తుంటే మామ అడిగాడు.

"ఇంత చెయ్యి పెట్టుకుని ఆ దినం ఏమైందిరా నీకు?"

ఐదేళ్ళుగా ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాను. జవాబు నాలుక చివరే ఉంది. అక్క కూడా వినడానికి తలెత్తింది. నాయన తల ఇంకా నా అరచేతిలోనే ఉంది.

"ఆ దినం నాకు కుదర్లా మామా," అన్నాను.