తొలిపంట బల్ల మీద ల్యాప్‌టాప్

నర్మద టైలరింగ్ షాపుకు వెబ్‌సైట్ చేసిపెట్టడం ఆ పనిలో సలోమి మొదటి గెలుపు. నారాయణఖేడ్‌లో ఆ షాపు పదేళ్లుగా ఉన్నదే గానీ, దాని పేరు బజారు దాటింది మాత్రం సలోమి వల్లనే. నలభై రకాల జాకెట్ల ఫోటోలు, కొలతలు రాసి పంపే చోటు, అన్నీ కుదిరాయి. బీదర్ నుంచి నర్మద చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, నీ జాకెట్లు నా ఫోన్ల కనవడుతున్నయే!" అని అరిస్తే, సలోమి కుట్టుమిషన్ పక్కనే కూలబడి ఏడ్చేసింది.

ఆ గెలుపు ఊరికే రాలేదు. కంగ్టి దగ్గరి చిన్న ఊరు ఆమెది. తల్లి చిన్నప్పుడే పోతే తాత సొలొమోను పెంచాడు. పదో తరగతిలో స్కూల్ ఫస్ట్. బైబిలు వాక్యాలు కంఠస్థం చెప్పే పోటీలో వరుసగా నాలుగేళ్లు ఆమెదే బహుమతి. ఆ ఊరి నుంచి డిగ్రీ పాసైన మొదటి ఆడపిల్ల. ఇన్ని సాధించిన పిల్ల చేతికి దొరికింది మాత్రం ఎవరో వాడుకుని పక్కన పడేసిన ల్యాప్‌టాప్. తెర బడిపలకంత. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు పీకితే ఆరిపోయేది. కోడ్ రాసే సాఫ్ట్‌వేర్ తెరిస్తే బ్రౌజర్ మూసుకుపోయేది, రెండింటినీ మోసే సత్తా దానికి లేదు. అందుకని సలోమి ముందు నోట్‌బుక్‌లో రాసుకుని, ఆ తర్వాత నోట్‌ప్యాడ్‌లో కొట్టేది. ఫోటోలను కుదించి కుదించి పెట్టేది. అలా ఆమె పేజీలు తేలికయ్యాయి. సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న చోట కూడా టక్కున తెరుచుకునేవి.

అది చూసే హైదరాబాద్ కంపెనీ ఒకటి పిలిచింది. పది రోజుల్లో అయిదు పేజీల సైటు కట్టి పంపాలి. నచ్చితే ఉద్యోగం.

"ఉద్యోగమొస్తె కొత్త ల్యాప్‌టాప్ కంపెనోళ్లే ఇస్తరంట తాతా" అంది సలోమి.

సొలొమోను లెక్కలో ఉద్యోగం, కొత్త ల్యాప్‌టాప్ ఆ రోజే వచ్చేశాయి. ఏ పరీక్ష తప్పింది గనక తన మనుమరాలు, ఇది తప్పడానికి?

ఆరు రోజులు గడిచాయి. 2024 నవంబరు 24, ఆదివారం, కోత పండుగ. ఆ ఊళ్లో ఏ ఇంటి తొలి రాబడి ఆ ఇంటివాళ్లు చర్చిలో బల్ల మీద పెడతారు. ఆరాధన అయ్యాక వేలం పాడతారు. పాటలు పాడేవాళ్ల వరుసలో నిలబడ్డ సలోమి, గుమ్మడికాయలు, సోయా మూటలు, కోడిపుంజుల నడుమ తాత తువాలు విప్పడం చూసింది. లోపల తన ల్యాప్‌టాప్.

"గుమ్మడికాయ ఎవడన్న తెస్తడు. కంప్యూటర్ తెచ్చినోడున్నడా ఈ ఊళ్లె?" అన్నాడు సొలొమోను ఛాతీ విరుచుకుని.

"అది గుడ్లు వెడ్తదా మామా?" అన్నాడు ముందు వరుసలోని లాజరు. అందరూ నవ్వారు.

"నీ కోడికన్న ఎక్కువనే వెడ్తదిరా!"

ఆరు రోజుల పని అందులోనే ఉంది. ఒక్క మాటంటే ఆగేది. కానీ దేవునికి పెట్టింది వెనక్కి అడగడం ఆ ఊళ్లో లేదు. పైగా తాత చేతులెత్తి ప్రార్థిస్తున్నాడు, కళ్ల వెంట నీళ్లు. అంతమంది ముందు ఆయన తల దించడం ఆమె వల్ల కాలేదు. పాట అందుకుంది. వేలంలో నారాయణఖేడ్‌లో మొబైల్ రిపేరు షాపున్న పీటర్ దాన్ని పాడుకుని, జనం మధ్యలోంచి అప్పుడే బండెక్కి వెళ్లిపోయాడు.

"నన్నొక్క మాట అడుగొద్దా తాతా? నా పనంత దాంట్లనే ఉండె!"

"నర్మద సైటు నెట్ల ఉన్నదంటివి గద బిడ్డా? పెట్టె పోతె ఏమైతది?"

"అది పూర్తయింది, నెట్ల వెట్టిన. గిది ఇంక వెట్టలే!"

సోమవారం మొదటి ఆటోకు ఖేడ్ వెళ్లింది. పీటర్ మొహం వాడిపోయింది. "అమ్ముదామని నిన్న షాపుకు వోంగనే దాంట్ల ఉన్నదంత సాఫ్ చేసిన. నాకేమెర్క బిడ్డా? ఊకెనే తీస్కపో."

ఖాళీ పెట్టె తిరిగొచ్చింది. నాలుగు రోజులే మిగిలాయి. నోట్‌బుక్‌లో సగమే ఉంది, తర్వాతి దిద్దుబాట్లన్నీ మెషిన్‌లోనే చేసింది. వేడెక్కి ఆగిపోతున్న ఆ ల్యాప్‌టాప్ మీద మూడు పేజీలు మళ్లీ కట్టింది. రెండు మిగిలిపోయాయి. "పని అసంపూర్తి" అని కంపెనీ నుంచి ఒక్క ముక్క జవాబొచ్చింది.

ఇప్పుడు ఆమె పటాన్‌చెరులో మందుల పెట్టెలు ప్యాక్ చేస్తోంది. ఆరు నెలల కాంట్రాక్ట్. ఎనిమిది మంది గది, ఒక్కటే ప్లగ్గు. ల్యాప్‌టాప్ వెంట తీసుకుపోలేదు.

వెళ్లే రోజు ఖేడ్ బస్టాండ్‌లో సొలొమోను పక్కవాళ్లతో, "మా మనుమరాలు హైదరాబాద్ల కంపెనీల చేస్తది" అని చెబుతుంటే విని ఊరుకుంది. బస్సు కదలబోతుంటే ఆయన కిటికీ ఊచ పట్టుకున్నాడు.

"నా మీద కోపం పోలేదా బిడ్డా?"

సలోమి సంచి ఒళ్లోకి లాక్కుంది.

"ఎప్పుడొస్తవో గదన్న చెప్పు."

కండక్టర్ వైపే చూస్తూ చెప్పింది: "మే ముప్పై ఒకటి, శనివారం."