చేను గట్టున రెండోసారి చూసిన నోటీసు

ఈ ఉదయం ఎర్రగుంట్ల రోడ్డు మీద, లారీల రొదలోనూ హెలికాప్టర్ చప్పుడు చెవిన పడింది. బండి పక్కకు ఆపి, అలవాటుగా, ఇలాంటి చప్పుడే విన్న ఒక రోజున పోగొట్టుకున్నవి లెక్కవేసుకున్నాను. సగం రోజు పని. కలిపి కూడా వాడకుండా వదిలేసిన పది లీటర్ల పురుగుమందు. ఓబులరెడ్డి అనే రైతు చేత పడ్డ తిట్లు. ఎన్నిసార్లు కూడినా ఇంతకు మించి రాదు. రానందుకు ప్రతిసారీ గుండె తేలికపడుతుంది. ఆ లెక్క అంత చిన్నదిగా మిగిలిందంటే కారణం ఖాదర్ మామ.

మామ గల్ఫ్‌లో ఒక విమానాశ్రయంలో సామాన్లు ఎక్కించే పని చేసి, ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి, పొలాలకు మందు కొట్టే డ్రోన్ కొన్నాడు. నేను అప్పటిదాకా బట్టల అంగడిలో లెక్కలు రాసేవాణ్ణి. ఎకరాకు మందెంత, నీళ్లెన్ని, ఒక బ్యాటరీతో ఎంత నేల తడుస్తుంది, ఇవన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. పైలట్ శిక్షణకు పంపింది మామే. సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే, "శానా సంతోషం. నేల లెక్క నీకొచ్చు. పైలెక్క ఇంగా రాల్యా" అన్నాడు. పైలెక్క అంటే, ఏ చోట ఎప్పుడు ఎగరకూడదో ప్రభుత్వం ఇచ్చే నోటీసులు. రోజూ పొద్దున టీ తాగుతూ వాటిని ఫోన్లో నా చేత గట్టిగా చదివించేవాడు. చేను గట్టుకు చేరాక, డ్రోన్ లేపే ముందు మళ్లీ చదివించేవాడు. ఇంట్లో చూశాం కదా మామా అంటే, "ఆడ మూటలెక్కిస్తా పైలట్లను సూసేటోణ్ణి. ఇంజన్ కంటే ముందు నోటీసే అడిగేటోళ్లు. విమానం నిన్నటిదేరా, ఆకాశం నిన్నటిది కాదు" అనేవాడు.

ఆ రోజు సింహాద్రిపురం దగ్గర ఓబులరెడ్డి గారి శనగచేను. పచ్చపురుగు కాయలు తొలిచేస్తోంది. మబ్బు పడుతోంది, మందు కొట్టి, వాన వచ్చేలోపు అది ఆరితేనే పంట దక్కుతుంది. మరునాడు పులివెందులకు ఎవరో పెద్ద నాయకుడు వస్తున్నాడని ఊరంతా తెలుసు. వచ్చేది రేపు కదా అని అందరం నిశ్చింతగా ఉన్నాం. ప్రొద్దుటూరులో చూసినప్పుడు నోటీసు ఏదీ లేదు. గట్టు మీద మందు కలిపి మళ్లీ చూస్తే ఉంది. మధ్యాహ్నం రెండు దాకా ఆ చుట్టుపక్కల డ్రోన్లు ఎగరకూడదు.

"రెండుదాకా లేపేది ల్యా" అన్నాడు మామ.

ఓబులరెడ్డి గారు భుజం మీది తువ్వాలు తీసి విదిలించారు. "ఏందప్పా ఖాదరూ! ఆయప్ప వచ్చేది రేపు. పురుగు తినేది ఈ పొద్దు. నా చేని మీద గాలి గూడా గవర్నమెంటుదేనా?"

"చేను నీదే రెడ్డీ. గాలి పైన పొయ్యేటోళ్లది గూడా."

"మీ బొమ్మ తాటిచెట్టంత ఎత్తు గూడా పోదు గదప్పా! దానికి ఆకాశమంతా ఎందుకు?"

పదకొండు దాటాక హెలికాప్టర్ వచ్చింది. నాయకుడి రాకకు ముందు దిగి చూసుకునే ట్రయల్ అట. పులివెందుల వైపు పోయింది, చప్పుడు ఆగింది. "పాయె గదా, ఇంగ లేపండప్పా" అన్నారు రెడ్డిగారు. మబ్బును చూసి, మందు ఆరడానికి పట్టే సమయం లెక్కగట్టి, నేనూ రిమోట్ చేతిలోకి తీసుకున్నాను. మామ నా చేతి మీద చెయ్యి వేశాడు. "హెలికాప్టర్ పోయింది. నోటీసు పోల్యా."

కాసేపటికి అదే హెలికాప్టర్ తిరిగొచ్చింది. ఈసారి చేను అవతలి తుమ్మచెట్లను తాకుతుందా అన్నంత కిందుగా వచ్చింది. ఆ గాలికి శనగమొక్కలు నేలకు వాలిపోయాయి. మందు డబ్బా మూత ఎగిరి కాలువలో పడింది. అద్దం వెనక, తెల్ల హెల్మెట్ కింద, ఒక మనిషి ముఖం నాకు కనబడింది. నేను లేపి ఉంటే డ్రోన్ సరిగ్గా ఆ దారిలోనే ఉండేది. ఓబులరెడ్డి గారు తువ్వాలు పరుచుకుని గట్టు మీద కూర్చున్నారు. "నీ టీ ఫ్లాస్కు యాడుందప్పా ఖాదరూ, రొంత పొయ్" అన్నారు.

రెండు దాటాక నోటీసు ఇంకోసారి చూసి, కొత్తగా మందు కలిపి కొట్టాం. వాన రాత్రికి గానీ రాలేదు. పంట దక్కింది.

మోకాళ్ల నొప్పులతో మామ ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. డ్రోన్ నాకే అప్పగించాడు. ఒక్కణ్ణే పోయినా, గట్టున నిలబడి నోటీసు పైకే చదువుతాను. మొన్న జమ్మలమడుగు దగ్గర ఒక రైతు నవ్వి, "ఎవురికి సదివి ఇనిపిస్తాండావప్పా?" అని అడిగాడు. ఆ అద్దం వెనక ముఖమే కళ్ల ముందు మెదిలింది. ఆనాడు ఆ పైలట్ ఎప్పటిలాగే ఇంటికి పోయి అన్నం తిని ఉంటాడు. కింద చేను గట్టున మేం ముగ్గురం ఉన్నామని కూడా ఆయనకు తెలియదు.