మడమతో వినే తాత

మార్కాపురం అవతల ఒక ఊళ్లో చర్చి గోపురం మీది శిలువకు రంగు వేయాలి. చర్చి చుట్టూ ఉన్నది పలకల గనిని పూడ్చిన ఎగుడుదిగుడు నేల. మనిషిని బుట్టలో నిలబెట్టి పైకి లేపే, చైన్ల మీద పాకే చిన్న లిఫ్టు తీసుకుని వచ్చాను. ట్రైనింగ్ సర్టిఫికెట్టు కూడా జేబులోనే ఉంది.

లిఫ్టు నాలుగు కాళ్లూ చాపి నేలకు ఆనించాను. చర్చి కాపలా తాత ఒకప్పుడు ఆ గనిలోనే పని చేసినవాడు. ఒక్కో కాలి దగ్గరా మడమతో నేలను తట్టి, తల వంచి వింటూ వచ్చి, మూడోదాని దగ్గర ఆగాడు.

"ఈడ డొల్లగా ఉంది నాయనా. జరుపు."

"మిషనే చెప్తుంది తాతా. పచ్చలైటు చూడు," అన్నాను, పిల్లాడికి చెప్పినట్టు.

తాత లైటును మర్యాదగా చూశాడు. "సరే. నువ్వు ఎక్కబాక. ముందు ఉత్త బుట్టనే లేపు."

ఆయన మీద గౌరవంతో కాదు, బుట్టెక్కితే కట్టుకోవాల్సిన సేఫ్టీ బెల్టు వెతుక్కోవడానికి బద్ధకమై, రిమోటుతో కిందినుంచే లేపాను. బుట్ట సగం ఎత్తుకు చేరేసరికి మూడో కాలు నేలలోకి దిగబడింది. లిఫ్టు ఒరిగి గోడకు ఆనింది. అప్పుడు అలారం మోగింది.

"ఇప్పుడు చెప్పింది నాయనా, మీ మిషను," అన్నాడు తాత, వెక్కిరింపేమీ లేకుండా.

ఇప్పుడు ఎక్కడికి వెళ్లినా నేనూ మడమతో తట్టి తల వంచుతాను. చూసేవాళ్లు నన్ను అనుభవజ్ఞుడనుకుంటారు. నాకేమీ వినబడదు. అందుకే ముందు ఉత్త బుట్టనే లేపుతాను.