టైపిస్టమ్మ పుస్తకం

అచ్చాఫీసులో ఆయనను అందరూ భూతద్దం అనేవారు, చాటునా అనేవారు, ఎదుటా అనేవారు. ప్రూఫులు దిద్దే చిన్న ఉద్యోగంలో చేరి, చివరకు ఆ ప్రచురణ సంస్థకే పెద్దయ్యాడు. గది వచ్చింది, తలుపు మీద పేరు పలక వచ్చింది, చేతిలో ఎర్ర పెన్సిలు మాత్రం పోలేదు. ఆయన కన్నుగప్పి ఒక్క తప్పు గడప దాటేది కాదు. దాటిన నాడు అన్నం సయించేది కాదు.

మనసు మాత్రం వెన్న. ఏ పుస్తకానికైనా కుట్టు, అట్ట పూర్తయ్యాక మొదటి ప్రతిని రాసినవాళ్ల ఇంటికి తానే మోసుకెళ్లేవాడు. ఆ తరువాతే కొట్లకు. కొందరు దాన్ని పసిబిడ్డలా ఎత్తుకునేవారు, కొందరు వాసన చూసేవారు. ఆ ముఖాలు చూడడమే దేవుడు తనకిచ్చే అసలు జీతమనుకునేవాడు.

ఒక ఏడాది, అందరూ టైపిస్టమ్మ అనే ఒకావిడ కథలు అచ్చుకు తీసుకున్నాడు. ఆవిడ జన్మంతా ఆఫీసుల్లో ఊరందరి రాతలూ టైపు కొట్టి, పని మానుకున్నాక తనకోసం కొట్టుకున్న కథలవి. పెళ్లి చేసుకోలేదు. మూడో అంతస్తులో చెల్లెలితో కలిసి ఉండేది. పుస్తకం అచ్చులో ఉండగానే మంచం పట్టింది. డాక్టర్లు పెదవి విరిచారు. పుస్తకం రావడానికి ఇంకా ఎన్నాళ్లని అక్క రోజూ అడుగుతోందని చెల్లెలు ఫోనులో చెప్పినప్పుడల్లా ఆయన బైండరు దగ్గరకు పరుగెత్తి తొందరపెట్టేవాడు.

ఆ తొందరే కొంప ముంచింది. ప్రతులు వచ్చాక తెరిచి చూస్తే, నడిమి ఫారంలోని, అంటే ఒక్క మడతలోని, పదహారు పేజీలూ తలకిందులుగా కుట్టి ఉన్నాయి. వచ్చిన కట్టలన్నీ అంతే.

బైండరు తల గోక్కున్నాడు. "ఒకటి పట్టుకెళ్లండి సార్. పడుకున్న మనిషికి ఎటైనా ఒకటే. అక్కడికొచ్చాక పుస్తకం తిప్పుకుంటారు."

"జన్మకి ఒక్క పుస్తకం ఆవిడది. దాన్ని ఇలా ఇవ్వమంటావా?"

చెల్లెలికి ఫోను చేసి, కొన్నాళ్లు ఓపిక పట్టమన్నాడు. ఆమె బతిమాలింది. "ఎలా ఉంటే అలా తెండి అన్నయ్యగారూ. అక్క చేతిలో పెడితే చాలు."

ఆయన ఒప్పుకోలేదు. కుట్లు విప్పించి, ఫారం సరిచేయించి, మళ్లీ కుట్టించి, అన్నం నీళ్లు మరిచి ఆ పక్కనే కూర్చున్నాడు. పంతంతో కాదు, ప్రేమతోనే. ఆ సంగతి పైవాడికి తెలుసు.

అట్ట జిగురు ఆరకముందే టైపిస్టమ్మ కన్నుమూసింది.

జరగవలసినవన్నీ జరిగిపోయాక, మొదటి ప్రతి పట్టుకుని ఆయన ఆ మెట్లెక్కాడు. ఎన్ని మాటలన్నా పడదామనే వెళ్లాడు. చెల్లెలు తలుపు తీసి లోపలికి రమ్మంది. ఫ్యాను కిందికి కుర్చీ జరిపి, ముందు మంచినీళ్లిచ్చి, ఆయాసం తీరనిచ్చింది. పుస్తకం తీసుకుని ఖాళీ మంచం మీద కాసేపు ఉంచింది. మళ్లీ తెచ్చి ఆయన చేతిలోనే పెట్టింది.

"చదివి వినిపిస్తానని అక్కకి మాటిచ్చాను. నా వల్ల కావడం లేదు. మొదటి కథ మీరు చదవండి."

ఆయన చదివాడు. నాలుగుసార్లు దిద్దిన కథ, అక్షరం అక్షరం తెలుసు. ప్రూఫు చదివినట్టే, ఎత్తూ పల్లం లేకుండా చదువుకుపోయాడు. ఒకచోట ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కిసుక్కున నవ్వింది. ఆయన గతుక్కుమని ఆగి, ఆ వాక్యాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని వెతికాడు.

"తప్పేం లేదులెండి," అందామె. "కథలో మా మేనమామ లేవబోతే కుర్చీ కూడా ఆయనతో లేచొస్తుంది చూశారా? అది నవ్వే చోటు, అన్నయ్యగారూ."

నాలుగుసార్లు దిద్దినా ఆయనకు ఆ కుర్చీ కనబడలేదు. వెనక్కి వెళ్లి నెమ్మదిగా మళ్లీ చదివాడు. ఈసారి మేనమామ కనబడ్డాడు, ఆయన నడుముకు పట్టేసిన కుర్చీ కనబడింది, వాటి వెనక టైపు మిషను ముందు తనలో తాను నవ్వుకుంటున్న ముసలావిడ కూడా కనబడింది. ఆయనకు నవ్వు రాలేదు. అక్షరాలు అలుక్కుపోయాయి.

చెల్లెలు మంచం పట్టె మీద చెయ్యి వేసి, తొందరపెట్టకుండా కాసుకుని కూర్చుంది.

"చదవండి," అంది చివరికి. "తరువాతది ఇంకా బాగుంటుంది."