చెరువు పక్క మెస్ బోరు

2023 వేసవి. గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ కాలేజీల వెనుక చెరువు నాచు కట్టింది. అది చావడానికి కాంట్రాక్టరు మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, చల్లించాడు. ఆ రాగి భూమిలోకి దిగి చుట్టుపక్కల ఇళ్ల బోర్లలో చేరుతోందేమో నెలనెలా చూడడం మా ల్యాబ్ పని. నేను ఫీల్డ్ ఇంజనీరుని.

రెండో నెల ఒక్క బోరు నమూనాలోనే రాగి తేలింది. అది సరోజినీ ఆంటీది. బాపట్ల నుంచి వచ్చి తెలుగు విద్యార్థులకు మెస్ నడుపుతారామె. ఒంటికి హాని చేసేంత రాగి కాదు, కానీ చెరువు పక్కన కనబడితే వదిలేసేదీ కాదు. సంగతి పొక్కింది. బోరు మూసెయ్యమన్నాడు ఇంటి ఓనరు. పిల్లల్ని మెస్‌కు పంపనన్నాడు హాస్టల్ వార్డెన్.

"రిపోర్ట్ దే దియా న, అబ్ ఛోడ్ దో యార్" అన్నాడు మా మేనేజరు, రిపోర్టు ఇచ్చేశాం కదా ఇక వదిలెయ్యమని.

నాకు మూడు విషయాలు పొసగలేదు. చెరువుకు ఇంకా దగ్గరగా ఉన్న బోర్లు శుభ్రంగా ఉన్నాయి. ఈ బోరు వాటికంటే లోతు. పైగా మొదటి నెల నేను తీసిన నమూనాలో ఏమీ లేదు; రెండో నెల వెళ్లింది మా సహోద్యోగి. మళ్లీ తీస్తానని పట్టుబట్టాను.

"ఇంకా ఏం తేల్చడానికొచ్చావు అబ్బాయ్? పిల్లలకు విషం పెడుతున్నానని సెక్టారంతా తెలిసిపోయిందిగా" అన్నారు ఆంటీ గుమ్మంలోనే.

"అది నిజమో కాదో తేల్చడానికేనండీ. మోటారు వేస్తారా?"

"వేస్తాలే. ఎండన పడొచ్చావు, ముందు మంచినీళ్లు తాగు."

వంటింటి గట్టు మీద చింతపండుతో తోమిన రాగి బిందె తళతళలాడుతోంది. ఆమె అందులో గ్లాసు ముంచుతుంటే అడిగాను.

"పోయిన నెల మావాడి సీసాలో ఏ నీళ్లు పోశారండీ?"

"ఇవే. కరెంటు లేదు, మోటారెలా తిరుగుతుంది? అతనేమో పానీ దీజియే, నీళ్లివ్వండి అని నిలబడ్డాడు. మేం తాగడానికి రాత్రి పట్టి ఉంచినవి, ఇంట్లో వీటికంటే మంచి నీళ్లు లేవు. పరీక్షకని అడిగితే డ్రమ్ములో నీళ్లు ఇస్తానా ఏంటి?"

పులుపుతో తోమిన బిందెలో రాత్రంతా నిలిచిన నీటిలోకి రాగి దిగుతుంది. అయినా అనుమానం రుజువు కాదు. మోటారు వేయించి పర్జింగ్ మొదలుపెట్టాను. పైపులో నిలిచిన నీళ్లు పోయి భూమిలోని నీరు వచ్చేదాకా వదిలెయ్యడమే పర్జింగ్. నీటిలోని లవణాలను చూపే కండక్టివిటీ మీటరులో అంకె కుదురుకోవాలి.

"ఎన్ని నీళ్లు పారబోస్తావయ్యా" అని గొణుగుతూ ఆంటీ బకెట్లు పెట్టారు.

రెండు సీసాలు నింపాను: ఒకటి బోరుది, ఒకటి బిందెది. ల్యాబ్ రిపోర్టు తెచ్చి ఆంటీకి చూపించాను: బిందె సీసాలో రాగి ఉంది. బోరు సీసాలో లేదు.

"ఆ కాగితం వార్డెనుకి నువ్వే ఇచ్చి హిందీలో చెప్పు. నే చెబితే మెస్ కోసం చెబుతున్నాననుకుంటాడు" అన్నారామె. వెళ్లి చెప్పాను. అతను నమ్మేదాకా కదల్లేదు. ఆ వారంలోనే పిల్లలు మళ్లీ భోజనానికి వచ్చారు.

అప్పటినుంచి ఫలితంలో అంకె చూసేముందు ఆ నీళ్లు ఎక్కడివో అడుగుతాను. మోటారు తిరగకపోతే ఖాళీ సీసాతో వెనక్కి వచ్చేస్తాను, ఎవరెంత విసుక్కున్నా సరే.

చెరువులో మందు చల్లడం ఆగలేదు, మా నమూనాలూ ఆగలేదు. తర్వాతి నెల వెళ్లేసరికి ఆంటీ మోటారు అప్పటికే నడుస్తోంది. పైపు కరివేపాకు మొక్క మొదట్లో ఉంది.

"నీ మీటరు పెట్టుకో" అంటూ గ్లాసు అందించారు. "ఇవి బిందెవి. సీసాలో పొయ్యకు, తాగు."